శుశ్రూషావిద్యకు ప్రథమాచార్యురాలు

(అచ్చంపేటయందు జరిగిన వార్షిక మహాసభలో, విద్యావిషయిక సదస్సున చదివిన యుపన్యాసము)

  

ఈ మహాసభయందు విద్యనుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్నాజ్ఞాపించిరి. నేను పెక్కేండ్లు పాఠశాలలో సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. కావున వ్యాకరణమునుగూర్చియో కావ్యములనుగూర్చియో ప్రసంగింతునని మీరు తలచియుందురు. నేడట్లు చేయబోను. మన యిండ్లలో చిన్నచూపునకు గురియగుచున్న యొక విద్యనుగూర్చి, ఆ విద్యయందు లోకమున మొట్టమొదట ఆచార్యపీఠము నధిష్ఠించిన యొక స్త్రీ చరిత్రమును ముందిడుకొని విన్నవించెదను. ఆ విద్య రోగిశుశ్రూష. నేటి వాడుకలో నర్సింగు. ఆ స్త్రీ మేరీ అడిలైడ్ నట్టింగ్.

ఈ ప్రసంగమున కవసరమేమో ముందుగా చెప్పుట ధర్మము. మన సంఘమునకు విద్యార్థి సహాయనిధి యొకటి కలదు. వైద్యము, ఇంజనీరింగు మున్నగు చదువులకు బోవు పిల్లలకు దానినుండి ప్రతివర్షము ద్రవ్యసహాయము చేయుచున్నాము. అది మనకు గర్వకారణమే. కాని నర్సింగు చదువగోరు బాలిక దరఖాస్తు పెట్టుకొన్నపుడు "అది కొలువే గాని చదువు కాదుగదా" యని ప్రక్కకు బెట్టుట పరిపాటియైనది. కొన్ని యిండ్లలో తలిదండ్రులే "పిల్లకు సంబంధములు రావు" అని దరఖాస్తును వ్రాయనీయకున్నారు. ఈ పరిపాటి న్యాయమైనదా కాదా యని నేడు సభవారు విచారింపవలెను. నా ప్రసంగ మా విచారమునకు పీఠికమాత్రము.

మొదట నొక శబ్దమును పరిశీలింతము. "శుశ్రూష" యనగా సేవయని నేడు మనమర్థము చెప్పుచున్నాము. ధాతువును జూచినచో "శ్రు" యనగా వినుట. దానిపై నిచ్ఛార్థకమైన ప్రత్యయము చేరగా "వినవలెనను కోరిక" యను నర్థము మొదట గలిగెను. గురువు చెప్పునది వినగోరి యాయన చెంత నుండు శిష్యుడు శుశ్రూషువు. చెంతనుండువాడు నీరు దెచ్చును, సమిధలు దెచ్చును, గురువు అలసినపుడు పాదములొత్తును. అట్లు వినగోరుటయే క్రమముగా సేవయైనది. రోగివిషయమునను నింతే. రోగి మూల్గునది, సిగ్గుచే చెప్పలేక చెప్పునది, నడిరేయి గొణుగునది వినువారే శుశ్రూష చేయగలరు. వైద్యుడు దినమున కొకటి రెండుమారులు వచ్చి చూచిపోవును. తక్కిన కాలమంతయు రోగిని జూచుచు వినుచు నుండునది నర్సమ్మయే. వినుట, చూచుట, గుర్తించుట, లెక్కించుట యనువానినుండియే పరిశోధనము పుట్టును. కావున పరిశోధనము ఈ విద్యకు వెలుపలినుండి తెచ్చి యతికించినది కాదు. దాని పేరులోనే బీజముగా నున్నది.

చరకసంహిత సూత్రస్థానమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. నాలుగుకాళ్ల మంచమున కొక కాలు విరిగిన నెట్లుండునో, పరిచారకుడు లేని చికిత్స యట్లుండును. ఆ పరిచారకునకు నాలుగు గుణములు విధింపబడినవి: ఉపచారము నెరుగుట, దక్షత, అనురాగము, శౌచము. వీనిలో మొదట బేర్కొనబడినది జ్ఞానమని గమనింపుడు. ప్రేమ యొక్కటి యున్న చాలునని శాస్త్రకారుడు చెప్పలేదు. ఇంకొక విశేషము: ఈ నాలుగు గుణములలో కులము లేదు. కులసంఘపు వేదికపై నిలిచి యీ మాట చెప్పుట నాకు సమంజసముగానే తోచుచున్నది.

ఇట్లు శాస్త్రస్థానము నొందిన వృత్తి పిదప నన్ని దేశములందును దిగజారెను. ఇంటిలో తల్లి చేసినచో పుణ్యమనియు, జీతమునకు పరస్త్రీ చేసినచో నీచమనియు లోకము తలచెను. ఇంగ్లండునను నిదియే స్థితి. ఆ స్థితిని మార్చినది ఫ్లారెన్సు నైటింగేలు (1820–1910). క్రిమియా యుద్ధమున దీపము చేబట్టి గాయపడినవారి నడుమ తిరిగిన కరుణామయిగా నామె మన పాఠ్యపుస్తకములందు కనబడును. ఆమె చేతిలో దీపముతోపాటు లెక్కలపుస్తకముకూడ నుండెనని తెలిసినవారు కొందరే. 1858లో లండను గణాంకశాస్త్ర సంఘమున సభ్యత్వము నొందిన మొదటి స్త్రీ యామెయే. 1860లో సెయింట్ థామస్ ఆసుపత్రియందు నర్సుల శిక్షణాలయమును నెలకొల్పెను. ఆమె మన దేశమున కెన్నడును రాలేదు. అయినను ఇచటి సైనికస్థావరములనుండి పత్రములు దెప్పించుకొని చదివెను. హిందూదేశములోని ఆంగ్లసైనికులు ఏటేట వేయింటికి 69 మంది మరణించుచుండిరని 1863లో వెలువడిన రాజసంఘ నివేదిక తేల్చెను. వారిని చంపినది శత్రువుల ఖడ్గము కాదు. కలుషజలము, మురుగు, ఇరుకువసతులు. పారిశుద్ధ్యము మెరుగుపడగా 1873 నాటికి ఆ సంఖ్య 18కి దిగెను. లెక్కించుటయు శుశ్రూషయే యని యిందువలన తేలుచున్నది.

ఇక మన కథానాయిక చరిత్రము. మేరీ అడిలైడ్ నట్టింగ్ 1858 నవంబరు 1వ తేదీన కెనడా దేశమున క్విబెక్ మండలములోని యొక పల్లెయందు జన్మించెను. కలిగిన కుటుంబము కాదు. సంగీతమును, చిత్రకళను అభ్యసించి, కొంతకాలము బాలికల పాఠశాలలో సంగీతము బోధించెను. ముప్పదియవ యేడు గడచువరకు నామె జీవితమున విశేషమేమియు గానరాదు. 1889లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రి తెరువబడి, దానితో నర్సుల పాఠశాలయు నారంభింపబడగా, ఆమె మొదటి తరగతిలో జేరెను. 1891లో ఉత్తీర్ణురాలయ్యెను. మూడేండ్లకు, 1894లో, ఆ పాఠశాలకే అధిపతి యయ్యెను. చదువునకు వయస్సు దాటినదని బాలికలను, బాలురనుకూడ, మూలను గూర్చుండబెట్టు పెద్దలు ఈ సంగతిని గుర్తుంచుకొందురు గాక!

అధికారమునకు వచ్చిన వెంటనే ఆమె చేసిన పని యుపన్యాసములిచ్చుట కాదు. ఆ కాలమున నర్సింగు విద్యార్థినియనగా జీతము లేని, లేదా నామమాత్రపు జీతముగల పనిమనిషి. ఆసుపత్రిలో పనియంతయు వారిచేతనే చేయించుకొని, అలసి తూగుచున్న వేళ నొక పాఠము చెప్పి, దానినే విద్యయని పిలుచుచుండిరి. నట్టింగ్ పలు విద్యాలయములందలి పనిగంటలను సేకరించి లెక్క గట్టెను. వారమునకు 60 మొదలు 105 గంటలవరకు విద్యార్థినులు వార్డులలో శ్రమించుచుండిరని ఆ లెక్కలలో దేలెను. నూటయైదు గంటలనగా, ఏడు దినములలో ఒక్కటైనను విడువక, దినమునకు పదునైదు గంటలు. 1895లో నామె యీ పట్టికలను ధర్మకర్తల ముందుంచెను. ఫలితమేమి? మరుసటి సంవత్సరమున మూడేండ్ల పాఠ్యక్రమము, ఎనిమిదిగంటల పనిదినము, జీతములకు మారుగా విద్యార్థివేతనములు ఏర్పడెను. 1901లో వార్డున నడుగిడుటకు ముందే ఆరుమాసములపాటు శరీరనిర్మాణము, ఆరోగ్యసూత్రములు, ఔషధపరిచయము నేర్పు సన్నాహతరగతి నారంభించెను. రోదనమువలన రానిది లెక్కవలన వచ్చెను.

1899నుండి న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు జేరిన టీచర్స్ కాలేజీయందు నర్సుల కొక ఉన్నతతరగతి నడువసాగెను. నట్టింగ్ అచ్చటను పాఠములు చెప్పుచుండెను. 1907లో నామె హాప్‌కిన్స్‌ను వీడి ఆ కాలేజీలో పూర్తికాలపు ప్రొఫెసరుగా నియమింపబడెను. లోకమున విశ్వవిద్యాలయాచార్యపదవి నొందిన మొదటి నర్సు ఆమెయే. 1910లో నర్సింగు, ఆరోగ్యశాఖలకు అధ్యక్షురాలయ్యెను. లావీనియా డాక్ అను సహచరితో గలిసి 1907–12 సంవత్సరముల నడుమ నాలుగు సంపుటములుగా శుశ్రూషావృత్తి చరిత్రమును రచించెను. 1912లో నర్సింగు విద్యాస్థితినిగూర్చి అమెరికా ప్రభుత్వ విద్యాశాఖకొరకు నివేదికను సిద్ధపరచెను. తనకు చరిత్ర లేదని తలచు వృత్తికి గౌరవముండదు. తన స్థితిని లెక్కింపని వృత్తికి బాగుపాటుండదు. ఈ రెండు లోపములను నామె పూరించెను. 1925లో ఉద్యోగవిరమణము చేసెను. 1944లో ఆమె పేర నొక పతకము స్థాపింపబడి, మొదట నామెకే సమర్పింపబడెను. 1948 అక్టోబరు 3వ తేదీన స్వర్గస్థురాలయ్యెను.

ఆమె నాటిన చెట్టు నేడెట్టి ఫలముల నిచ్చుచున్నదో చెప్పకున్న నా ప్రసంగము సగమే యగును. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున లిండా ఐకెన్ అను నర్సింగు ప్రొఫెసరు తన సహచరులతో గూడి 168 ఆసుపత్రులందు శస్త్రచికిత్స పొందిన 2,32,342 మంది రోగుల వివరములను పరిశీలించి 2002లో ప్రకటించెను. ఒక నర్సు చూడవలసిన రోగుల సంఖ్యకు మరియొక రోగి చేరిన ప్రతిసారియు, ముప్పది దినములలో రోగి మరణించు నవకాశము నూటికి 7 వంతులు హెచ్చుగా గానబడెను. 2014లో యూరపుఖండమున తొమ్మిది దేశములలోని 300 ఆసుపత్రులను జూచిన మరియొక పరిశోధనమును నామె బృందము వెలువరించెను. నర్సులలో పట్టభద్రుల పాలు నూటికి పది హెచ్చగా మరణావకాశము నూటికి 7 వంతులు తగ్గియుండుట అందు గనబడినది. పెద్దలారా! ఇది విద్యావిషయము కాదని యెట్లు త్రోసివేయగలము? నర్సు చదువు పెరిగినచోట రోగి ప్రాణము నిలుచు నవకాశము పెరుగుచున్నదని లక్షలకొలది రోగుల లెక్క చెప్పుచున్నది.

మన దేశమునకు వత్తము. తెలుగునేలపై ఈ విద్యకు బాటవేసినవారిలో అన్నా సారా కుగ్లర్ స్మరణీయురాలు. అమెరికానుండి 1883లో వచ్చి గుంటూరున స్థిరపడి, 1898లో స్త్రీలకు శిశువులకు ఆసుపత్రి నెలకొల్పి, ఇచటి యువతులను రోగిసేవయందు తీర్చిదిద్దిన వైద్యురాలామె. 1930లో గుంటూరులోనే దేహము చాలించెను. మన పొరుగున వేలూరులో ఐడా స్కడర్ 1909లో నర్సుల పాఠశాల నారంభించెను. శిక్షణము పొందిన నర్సుల సంఘము మన దేశమున 1908లో నేర్పడెను. అయినను స్వాతంత్ర్యమునకు ముందు ప్రభుత్వమువారు నియమించిన భోర్ సంఘము 1946లో నిచ్చిన నివేదికనుబట్టి 43,000 మంది జనులకు నొక్క నర్సు మాత్రముండెను. ఆ 1946లోనే ఢిల్లీలోను, వేలూరులోను నర్సింగునందు పట్టపుచదువు ప్రారంభమయ్యెను. 1947లో నర్సింగు కౌన్సిలు చట్టము వచ్చెను. 1959లో ఢిల్లీయందు మాస్టర్సు చదువు మొదలయ్యెను. 2023లో పాతచట్టమునకు బదులుగా జాతీయ నర్సింగు, మిడ్‌వైఫరీ కమిషను చట్టము చేయబడినది.

మెట్లు తెలియని తలిదండ్రులకొరకు వానిని చెప్పెదను. రెండేండ్ల ఏ.ఎన్.ఎం., మూడేండ్ల జి.ఎన్.ఎం., నాలుగేండ్ల బి.ఎస్సీ. నర్సింగు, అటుపై రెండేండ్ల ఎం.ఎస్సీ., ఆపైని పీహెచ్.డీ. జి.ఎన్.ఎం. చదివినవారు సైతము రెండేండ్ల ప్రత్యేకపు చదువుతో పట్టము పొందవచ్చును. పట్టభద్రురాలు ట్యూటరుగా నడుగిడి, పైచదువుతో ఆచార్యపదవివరకు, కాలేజీ ప్రిన్సిపాలు పదవివరకు నెక్కవచ్చును. బాలురకును ఈ ద్వారము మూయబడలేదు. దవాఖానలో సూదివేయుటతో నీ చదువు ముగియునని తలచువారు నిచ్చెన మొదటిమెట్టును జూచి మేడ లేదనుచున్నారు.

ఇక మన యచ్చంపేట మాట. నల్లమల యంచున నున్న యూరిది. 2016వరకు మహబూబ్‌నగరు జిల్లాలోనిది, నేడు నాగర్‌కర్నూలు జిల్లాలోనిది. ఒకప్రక్క ఉమామహేశ్వరక్షేత్రము, మరియొకప్రక్క మన్ననూరు, అమ్రాబాదు, వానికావల చెంచుపెంటలు. ఇచట పరిశోధనమునకు విషయములు లేవా? పాలమూరు కూలి వలసపోయినపుడు రక్తపుపోటుకు, మధుమేహమునకు వాడు మాత్రలు మధ్యలో నెన్నిదినములు మానుచున్నాడు? పెంటనుండి కాన్పునకు దవాఖాన చేరులోపల ఆలస్యమగుచున్నది యెచట: ఇంటనా, బాటనా, దవాఖాన గడపనా? నల్లగొండ పల్లెలలో ఫ్లోరైడునీటిచే నడుము వంగి మంచము బట్టిన వృద్ధునకు పుండ్లు పడకుండ కోడలు ఇంటనే యే యుపచారము చేయవచ్చును? నీటినుండి ఫ్లోరైడును పటికతోను సున్నముతోను తొలగించు నొక విధానమును నాగపూరులోని శాస్త్రజ్ఞులు 1975 ప్రాంతమున రూపొందింపగా, అది "నల్లగొండ పద్ధతి" యను పేర ఇతర దేశములందును తెలియబడినది. వ్యాధి మనది, ఊరిపేరు మనది, ప్రశ్న వేసినవారు మాత్రము పొరుగువారు. మన పల్లెభాష తెలిసి, మన ముసలమ్మ చెప్పునది విని యర్థము చేసికొనగల పిల్లయే యాచార్యురాలై ప్రశ్నవేసినచో నెంత మేలగునో యోచింపుడు.

ఆక్షేపణములకు సమాధానము చెప్పవలెను. మొదటిది, రాత్రిపని. వైద్యులు రాత్రిపని చేయరా? డాక్టరుకోడలిని గోరి వెదకు నింటివారు నర్సుకోడలి రాత్రిపనికి మాత్రము ముఖము చిట్లింతురు. పని యొక్కటియే, మన కండ్లు రెండురకములు. రెండవది, పరుల శరీరమును, మలమూత్రములను ముట్టవలెనని. మనలను గన్నతల్లి, మనము గన్న బిడ్డలు మనచేత నదే చేయించుకొనలేదా? మనవంతు వచ్చినపుడు మంచముపై బడియుండి, వచ్చిన నర్సమ్మ కులమేదని యడుగుదుమా? మూడవది, జీతము. ఇందు సత్యము కలదు. పెక్కు ప్రైవేటు దవాఖానలలో జీతములు తక్కువ, పని హెచ్చు, ఒక్కరికి చూడవలసిన మంచములు మితిమీరి యుండును. దీనిని నేను కప్పిపుచ్చను. కాని నట్టింగ్ కాలమున వారమునకు నూటయైదు గంటలుండెను. చదువుకొన్నవారు లెక్కగట్టి ముందుంచిననే అది మారెను. చదువులేనివారిచేత మారునట్టిది కాదు. విదేశములకు బోవలెనన్నను, పట్టమున్నవారికే దారి సుగమము. లేనివారు దళారుల పాలగుదురు.

2020వ సంవత్సరమును ప్రపంచారోగ్యసంస్థ నర్సుల, మంత్రసానుల సంవత్సరముగా ప్రకటించినది. ఆ యేడే మహమ్మారి విజృంభించెను. బంధువులు దగ్గరకు రాలేని దినములలో రోగుల చేయిబట్టుకొన్నది నర్సులే. ఆ సంవత్సరపు నివేదిక ప్రకారము లోకమున 2 కోట్ల 79 లక్షల నర్సులుండగా, ఇంకను 59 లక్షల కొరత యుండెను. కొరతలో నధికభాగము మనవంటి పేదదేశములదే. నాడు మనము చప్పట్లు కొట్టితిమి. చప్పట్లకు ఖర్చు లేదు. విద్యకు ఖర్చు కలదు. దానిని మనము భరింపవలెను.

కావున నేను సభముందు మూడు ప్రతిపాదనములుంచుచున్నాను. ఒకటి, విద్యార్థి సహాయనిధిలో నర్సింగు చదువును వైద్యవిద్యతో సమానముగా చేర్చవలెను. రెండు, ఆ సహాయము పట్టముతో నాగక, యోగ్యత గలవారికి ఎం.ఎస్సీ., పీహెచ్.డీ. వరకు కొనసాగవలెను, ఆచార్యురాలైన యొక్కతె వందలమందిని తీర్చిదిద్దగలదు. మూడు, ప్రతివర్షము నొక్క స్థానమును మన కులమునకు వెలుపలనున్న పేదబాలికకు, ముందుగా చెంచుపెంటల బాలిక కోరినచో నామెకు, ఇయ్యవలెను. సంఘధనము సంఘమువారికే గదా యని కొందరనవచ్చును. మన యింటి రోగికి రేపు మందిచ్చు చేయి యెవరిదో మన మెరుగము. ఆ చేయి చదువుకొన్నదై యుండుటయే మన స్వార్థమునకును మేలు.

పోషకులారా! మీరు గుడి కట్టించితిరి, సత్రము కట్టించితిరి, వివాహములకు మంటపము కట్టించితిరి. వాని గోడలపై మీ పేర్లు చెక్కబడినవి. ఒక బాలికను నాలుగేండ్లు చదివించినచో మీ పేరు గోడపై నుండదు. నడిరేయి జ్వరముతో గొణుగుచున్న రోగి మాట విని "ఏమి కావలె" నని యడుగు నామె గొంతులో నుండును. వినగోరుటయే శుశ్రూషయని మొదట విన్నవించితిని. నా మాట నింతసేపు మీరు విని నాకును శుశ్రూష చేసితిరి. ప్రతిపాదనములపై మీ తీర్పును వినగోరి కూర్చుండుచున్నాను. సర్వేజనులును ఆరోగ్యవంతులగుదురు గాక! స్వస్తి.